ఏడాదికో కొత్త మోడల్: తేదీ ముందు, సరుకు తర్వాత

సెప్టెంబర్ వచ్చిందంటే ఆపిల్ కొత్త ఫోన్, సంక్రాంతి దాటగానే శాంసంగ్ కొత్త ఫోన్, దసరాకు అటూఇటూగా కొత్త ఫుట్‌బాల్ గేమ్, ఆ వెనకే కొత్త కాల్ ఆఫ్ డ్యూటీ యుద్ధం గేమ్. పండగ ఏ రోజన్న దాని మీదైనా మన పంచాంగకర్తలు పేచీ పడతారు గానీ, ఈ విడుదలలు మాత్రం పెద్దగా తప్పవు. ‘ఇంతకుముందెన్నడూ చూడనిది’ అనే మాట కూడా ఏటా తప్పదు.

ఆ మాటలో పస ఎంతో తెలియాలంటే స్టేజీ మీది ప్రసంగం కంటే హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ నయం. సెకండ్ హ్యాండ్ ఫోన్ చేతికిస్తే అక్కడి షాపతను అడిగేవి మూడే: బ్యాటరీ హెల్త్ ఎంత, డిస్‌ప్లే ఒరిజినలేనా, బిల్లూ బాక్సూ ఉన్నాయా. అందులో ఏఐ ఏమేం చేస్తుందన్న ప్రస్తావన దాదాపు రాదు.

శాంసంగ్ గెలాక్సీ ఎస్22 నుంచి ఎస్25 దాకా, అంటే 2022 నుంచి 2025 దాకా వచ్చిన నాలుగు బేస్ మోడళ్లను పక్కపక్కన పెట్టండి. వెనక మూడు కెమెరాలు నాలుగింటిలోనూ అవే 50, 12, 10 మెగాపిక్సెళ్లు. బ్యాటరీ 3,700 ఎంఏహెచ్ దగ్గర మొదలై ఎస్24 నాటికి 4,000కు చేరి అక్కడే ఆగింది. చిప్ మారింది, ఫొటోలను సాఫ్ట్‌వేర్ తీర్చిదిద్దే పద్ధతి మెరుగైంది, కాదనను. ఆపిల్ అయితే 2022లో ఐఫోన్ 14కు కొత్త చిప్ కూడా ఇవ్వలేదు, ముందటేడు 13 ప్రోలో వాడిన ఏ15నే పెట్టింది. మరుసటేడు ఐఫోన్ 15కు టైప్-సి పోర్టు వచ్చింది. ఇంట్లో అందరికీ ఒకే ఛార్జర్ సరిపోయేలా చేసిన ఆ మార్పు, ఇటీవలి ఐఫోన్లలో మామూలు మనిషికి అన్నిటికన్నా పనికొచ్చిందని నా అభిప్రాయం. దాని వెనకున్నది అందరి ఫోన్లకూ ఒకే రకం పోర్టు ఉండాలన్న యూరోపియన్ యూనియన్ చట్టం.

అలాగని ఏటేటా వేసే చిన్న అడుగులన్నీ దండగ అనలేం. 2010 నుంచి ఫోన్ల కోసం ఏటా కొంచెం కొంచెంగా మెరుగుపరుచుకుంటూ వచ్చిన చిప్‌ల అనుభవంతోనే ఆపిల్ 2020లో మ్యాక్ కంప్యూటర్లకు ఎం1 అనే సొంత చిప్ తెచ్చింది. ఇంటెల్‌ను పక్కనపెట్టి, ఫ్యానే లేని ల్యాప్‌టాప్‌ను ఆ వేగంతో నడిపించడం మామూలు విషయం కాదు. క్వాల్‌కామ్, ఏఎండీల్లో పనిచేసే ఇంజనీర్లు ఉన్న నగరం మనది. ఒక చిప్ కాగితం మీద నుంచి చేతిలోకి రావడానికి ఏళ్లు పడుతుందని ఇక్కడ చాలా ఇళ్లలో తెలుసు. అంటే సరుకు నిదానంగానే తయారవుతోంది, దాన్ని పన్నెండు నెలల ముక్కలుగా కోసి అమ్ముతున్నారు.

ఈ సంగతి కంపెనీలకూ తెలుసు. కొత్త మ్యాక్‌ల వేగాన్ని ఆపిల్ తరచూ ఎం1తోనో, పాత ఇంటెల్ మోడళ్లతోనో పోల్చి చెబుతుంది. నిరుడు కొన్నవాళ్లతో దానికి పనిలేదు. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శాంసంగ్ 2024లో ఎస్24తో ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చాయి. ఏడేళ్లు నడిచే ఫోనని ఒప్పుకున్నాక, ఏడాదికే ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ మెసేజ్ ఎందుకు పంపాలి? మన దగ్గర ఈ అలవాటును నడిపిస్తున్నది నో-కాస్ట్ ఈఎంఐ. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ డిస్కౌంట్‌లోనో ప్రాసెసింగ్ ఫీజులోనో దాక్కుంటుంది. పాత ఫోన్ వాయిదాలు తీరకముందే కొత్తది కొనేవాళ్లు మాదాపూర్‌లో ఏ ఆఫీసులో చూసినా కనిపిస్తారు.

గేమ్‌ల దగ్గరికొస్తే కథ ఇంకా ముదురుతుంది. ఫోన్‌కు కనీసం పాతబడే బ్యాటరీ ఉంది. ఆటకు అదీ లేదు. ఫుట్‌బాల్ గేమ్ ఫిఫా 20 నుంచి 23 దాకా నింటెండో స్విచ్ అనే గేమింగ్ పరికరం మీద గేమ్ కంపెనీ ఈఏ ‘లెగసీ ఎడిషన్’ అమ్మింది. కొత్త జెర్సీలు, కొత్త జట్టు జాబితాలు, లోపల పాత ఆటే. ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాతో ఒప్పందం ముగిసి 2023 నుంచి పేరు ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీగా మారినా అందులో ఆటగాళ్ల కార్డులతో సొంత జట్టు కట్టుకునే అల్టిమేట్ టీమ్ పద్ధతి మారలేదు. ఏడాదంతా ఆడి, డబ్బు పెట్టి ప్యాక్‌లు కొని కట్టుకున్న జట్టు కొత్త గేమ్‌లోకి రాదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. 2020-21 ఆర్థిక సంవత్సరంలో అల్టిమేట్ టీమ్ మోడ్‌ల నుంచే ఈఏకు 162 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇక్కడ ఏటా కొత్తగా తయారయ్యేది మన అవసరమే.

మరి తేదీకి కట్టుబడి పెద్ద మార్పు తేగలరా? ఫుట్‌బాల్ మేనేజర్ అనే గేమ్ తయారుచేసే స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ ప్రయత్నించింది. ఆటను నడిపించే పాత సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌ను వదిలి యూనిటీ అనే ఇంజిన్‌కు మారాలనుకుంది. 2024 చివర రావలసిన గేమ్ 2025 మార్చికి వాయిదా పడింది, ఫిబ్రవరిలో ఏకంగా రద్దయింది. ముందే కట్టినవాళ్లకు డబ్బు వెనక్కిచ్చారు. ఆ మార్పుతో 2025 నవంబర్‌లో వచ్చిన తర్వాతి గేమ్‌కూ అభిమానుల చేత చీవాట్లు తప్పలేదు. నిజమైన మార్పు ఇలాగే ఉంటుంది, ఆలస్యంగా, అతుకులబొంతగా. పన్నెండు నెలల గడువులో ముందు కోతపడేది అదే.

యూబీసాఫ్ట్ కంపెనీ గేమ్ సిరీస్ అసాసిన్స్ క్రీడ్ చరిత్ర కూడా చూడండి. 2009 నుంచి 2015 దాకా ఏటా ఒకటి వచ్చింది. 2014లో యూనిటీ అనే భాగం బగ్‌లతో నవ్వులపాలైతే యూబీసాఫ్ట్ క్షమాపణ చెప్పి, అదనపు భాగాన్ని ఉచితంగా ఇచ్చింది. 2016లో ప్రధాన గేమ్‌కు విరామం. 2017లో ప్రాచీన ఈజిప్టు నేపథ్యంగా వచ్చిన ఆరిజిన్స్, పోరాటం దగ్గర నుంచి ప్రపంచం వరకూ సిరీస్‌ను మార్చేసింది. కాల్ ఆఫ్ డ్యూటీ 2005 నుంచి ఏటా వస్తున్నా పూర్తిగా చతికిలపడకపోవడానికి కారణం స్టూడియోలు వంతులవారీగా పనిచేయడం. మామూలుగా ఒక్కో గేమ్‌కు రెండు మూడేళ్లు దొరుకుతాయి. మనకు ఏటా అందేది రెండు మూడేళ్ల కిందట మొదలైన పని.

వార్షిక విడుదల ఆపేస్తే చాలా అంటే, చాలదు. కొనామీ 2021లో తన ఫుట్‌బాల్ గేమ్‌ను ఈఫుట్‌బాల్‌గా ఉచితం చేసింది. మొదటి రోజు ఆటగాళ్ల వింత ముఖాలే వైరలయ్యాయి. కూకట్‌పల్లి హాస్టళ్లలో రాత్రంతా ఆడే బీజీఎంఐ (పబ్‌జీకి భారత వెర్షన్) 2021లో వచ్చిన యాపే, అప్‌డేట్లతోనే నడుస్తోంది. అక్కడ కొత్త డిస్క్ ఖర్చు లేదు గానీ, స్కిన్‌ల (ఆటలో వేషాలూ ఆయుధాల అలంకారాలూ) ఖర్చు పిల్లల తల్లిదండ్రులను అడగాలి.

అయినా దారి లేదని కాదు. 2026లో ఎఫ్1 రేసింగ్ నిబంధనలు భారీగా మారాయి. దానికి ఈఏ ఆ ఏడాదికి వేరే గేమ్ పెట్టకుండా, ముందటేటి గేమ్ ఎఫ్1 25కే పెయిడ్ ఎక్స్‌పాన్షన్ ప్రకటించింది. పూర్తి కొత్త గేమ్ 2027కి అంది. కార్లే మారిపోయిన సీజన్‌ను పాత గేమ్‌కు అదనపు భాగంగా అమ్మగలిగినప్పుడు, నలుగురు ఆటగాళ్లు క్లబ్‌లు మారిన ఫుట్‌బాల్ సీజన్‌కు నాలుగైదు వేల రూపాయల కొత్త గేమ్ ఎందుకో ఈఏనే చెప్పాలి.