ఖాళీగా కూర్చున్న మనిషి దండుగా? ఆ మెసేజ్‌కు నా జవాబు

ఇళ్లు కట్టించేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చాన్నాళ్లుగా తిరుగుతోంది. హన్మకొండలో ఈ పనిలో ఉన్నవాళ్లం ఏదో ఒక గ్రూపులో చూసే ఉంటాం. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ఖాళీగా కూర్చున్న మనిషి దండుగ. ప్రతి మేస్త్రికి, ప్రతి ఎలక్ట్రీషియన్‌కు మూడు నాలుగు సైట్లు అప్పజెప్పండి. వారాన్ని 40, 30, 20, 10 శాతాలుగా పంచండి. అన్ని పనులూ ఒకేసారి ముందుకు నడుస్తాయి, ఓనర్లందరూ ఖుష్. ఆలస్యమైతే ఇంకో ఇద్దరిని దింపండి, రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి కనుక్కోండి. దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

ఆ చప్పట్లలో ఒకటి నాది. ఒక ఏడాదంతా అట్లనే నడిపాను కూడా.

శాతాల దగ్గరే మొదలుపెడతాను, నేను మునిగింది అక్కడే కాబట్టి. వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, మొత్తం 48. అందులో 10 శాతం అంటే ఐదు గంటలకు పన్నెండు నిమిషాలు తక్కువ. ఆ నాలుగో సైటు పరకాల దిక్కు ఉందనుకోండి. పోను గంట, రాను గంట. పరంజా సర్దుకోవడం, ఇసుక జల్లెడ పట్టడం, మొన్న ఎక్కడ ఆపామో చూసుకోవడం, వీటికి ఇంకో గంట. మిగిలింది రెండు గంటలు కూడా కాదు. అందులో గిలాబు, అంటే గోడ ప్లాస్టరింగు, ఎన్ని గజాలు నడుస్తుంది? పైగా కలిపిన సిమెంటు మాలు మన కోసం ఆగదు. మామూలు సిమెంటు తడిసిన తర్వాత కనీసం 30 నిమిషాల దాకా బిగుసుకోవడం మొదలుకావద్దని ప్రమాణం. అంటే మనకున్న హామీ ఆ అరగంటే. వేరే సైటు నుంచి ఫోనొచ్చిందని సుతారి (తాపీ మేస్త్రి) చేయి కడుక్కుని వెళ్తే తట్టలో ఉన్నది పారబోసుకోవాల్సిందే. కాగితం మీద మాత్రం ఆ ఐదు గంటలూ పని జరిగినట్టే రాస్తాం.

ఈ మాట ఇంట్లో అంటుంటే మడికొండ ఐటీ పార్కులో పనిచేసే మా తమ్ముడు నవ్వాడు. వాళ్ల దగ్గరా ఇదే గోలట. జెరాల్డ్ వైన్‌బర్గ్ అనే అమెరికన్ సాఫ్ట్‌వేర్ రచయిత 1990ల మొదట్లో ఇచ్చిన ఒక పట్టిక చూపించాడు. ఒక మనిషి మీద రెండు ప్రాజెక్టులు పెడితే 20 శాతం సమయం మార్పిడికే పోతుంది, మూడు పెడితే 40, ఐదు పెడితే 75. చూడగానే ప్రింటు తీసి షెడ్డులో అంటించాలనిపించింది. కానీ అది గడియారం పెట్టి కొలిచిన లెక్క కాదు, అనుభవం మీద వేసిన మోటు అంచనా. మెసేజ్‌ను తప్పుపడుతూ నేను ఇంకో మెసేజ్‌ను గుడ్డిగా నమ్మితే ఎట్లా? అందుకే దాన్ని పక్కన పెట్టి నా లెక్కే చెప్తాను.

"అన్నీ ఒకేసారి ముందుకు నడుస్తాయి" అన్నది రెండో మాట. రెండిళ్లు. ఒక్కోదానికి పది రోజుల గిలాబు. ఒకటే జట్టు. ఒకటి ముగించి రెండోది పట్టుకుంటే మొదటి ఓనర్‌కు పదో రోజున, రెండో ఓనర్‌కు ఇరవయ్యో రోజున అయిపోతుంది. రోజు మార్చి రోజు తిప్పితే మొదటాయనకు పందొమ్మిదో రోజు, రెండో ఆయనకు ఇరవయ్యో రోజు. అంటే రెండో ఆయనకు ఒక్క రోజు కూడా కలిసిరాలేదు, మొదటాయనకు తొమ్మిది రోజులు పోయాయి. తిరగడానికి పట్టే సమయం సున్నా అనుకుంటేనే ఇది. మూడిళ్లయితే 10, 20, 30 కావాల్సినవి 28, 29, 30 అవుతాయి. "అందరి ఇంట్లో పని నడుస్తోంది" అని చెప్పుకోవడానికి తప్ప ఈ తిప్పుడుతో ఏ ఓనర్‌కూ లాభం లేదు. కాకపోతే ఓనర్ వచ్చిన రోజు ఇద్దరు మనుషులు కనిపిస్తే ఆయన నోరు మూతపడుతుంది. నిజం చెప్పాలంటే మనం చాలాసార్లు సైటు మీద మనిషిని పెట్టేది అందుకే.

ఇక అసలు మాట, ఖాళీగా ఉంటే దండుగ అన్నది.

వడ్డేపల్లి దిక్కు ఒక రిటైర్డ్ టీచర్ ఇల్లు. గురువారం స్లాబు అని పది రోజుల ముందే ఖాయం చేసుకున్నాం. సలాక, అంటే స్లాబులో వేసే ఇనుప చువ్వలు, కట్టడం బుధవారం పొద్దుగాల ముగిసింది. సలాక కట్టాక, కాంక్రీటు పోయకముందు, ఎలక్ట్రీషియన్ వచ్చి పైపులు పరిచి ఫ్యాన్ బాక్సులు బిగించాలి. ఆ పనికి దొరికేది ఆ ఒక్క పూటే. నా కాగితం ప్రకారం బుధవారం అతను కాజీపేట సైటుకు చెందినవాడు. అక్కడి ఓనర్ కదలనివ్వలేదు. మా దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. సెల్‌ఫోన్ లైటు పళ్ల మధ్య పట్టుకుని పైపులు వంచాడు. తెల్లారి ఆరింటికి మిక్సరు, ఇరవై మంది కైకిలోళ్లు (కూలీలు) దిగారు. అతనింకా ఫ్యాన్ బాక్సుల్లో పాత పేపరు కుక్కుతున్నాడు. పోయడం మొదలయ్యేసరికి పదకొండు.

స్లాబు కింద మోపిన జాకీలు తీసి చెక్కలు విప్పాక చూస్తే నడిమి రూములో బాక్సు జాడే లేదు, ఆ రూముకు పోయే పైపు స్లాబులో నలిగిపోయి ఉంది. కొత్త స్లాబుకు కింది నుంచి ఉలి పెట్టి కొడుతుంటే సారు ఒక్క మాట అనలేదు. కుర్చీ తీసుకుని బయటికి వెళ్లి కూర్చున్నారు. తిట్టినా బాగుండేది.

తప్పు ఎలక్ట్రీషియన్‌ది కాదు, నాది. ఆ వారం అతనికి ఒక్క గంట కూడా ఖాళీ లేదు. ఒక మనిషి ఎనిమిది గంటలు ఊరికే కూర్చోవద్దని నేను చూసుకుంటే, ఇరవై మంది ఐదేసి గంటలు ఊరికే కూర్చున్నారు. వంద గంటల కైకిలి. మిక్సరు కిరాయి వేరు.

దీనికి గణితంలో లెక్క ఉంది, క్యూల సిద్ధాంతం అంటారు. పనులు ఎప్పుడొస్తాయో తెలియదు, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో కూడా ఖాయం లేదు, చేసే మనిషి ఒక్కడే. అతను 80 శాతం బిజీగా ఉంటే, కొత్తగా వచ్చిన పని తన వంతు కోసం సగటున ఒక పనికి పట్టే కాలానికి 4 రెట్లు ఆగాలి. 90 శాతమైతే 9 రెట్లు. 95 శాతమైతే 19 రెట్లు. చివరి ఆ కొన్ని శాతాలు పిండుకుందామని చూస్తే క్యూ ఊరి చివరిదాకా పోతుంది. మన సైట్లు అచ్చం ఆ సూత్రంలాగే నడుస్తాయనను, కానీ పోకడ మాత్రం అదే.

మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్ చూసినవాళ్లకు ఈ సూత్రం కూడా అక్కర్లేదు. జాగా దండుగ అని యార్డంతా బస్తాలతోనే నింపితే హమాలీ నడవడానికి దారి ఉండదు. అప్పుడు కాంటా ఆగుతుంది, లారీ ఆగుతుంది, గేటు బయట ట్రాక్టర్లు ఆగుతాయి.

మరి ఆ మెసేజ్‌లో నిజమే లేదా అంటే, ఉంది. ఒకరికి ఒకటే సైటు అని పట్టుబట్టడమూ మన పనికి కుదరదు, ఎందుకంటే మన పనిలో ఆగక తప్పని రోజులు చాలా. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456, 2000 నాటి దాని ప్రకారం పిల్లర్ల పక్క చెక్కలు 16 నుంచి 24 గంటల తర్వాత తీయొచ్చు. కానీ 4.5 మీటర్ల దాకా వెడల్పున్న స్లాబు కింద జాకీలు 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14. నీళ్లు కొట్టడం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ లాంటి వాటికి 10, పొడి ఎండల్లో ఏ సిమెంటుకైనా 10కి తగ్గొద్దు. మన మే నెల ఎండలకు ఈ చివరిదే వర్తిస్తుంది. ఆ రోజుల్లో నీళ్లు కొట్టే మనిషి తప్ప మిగతా జట్టుకు అక్కడ పెద్దగా పని ఉండదు. అప్పుడు రెండో సైటు ఉండాల్సిందే, అదీ దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. వడ్డేపల్లికి జతగా పరకాల కాకుండా, వడ్డేపల్లికి జతగా కాజీపేట. మొదటి సైటు దానంతటది ఆగినప్పుడే జట్టు కదలాలి. సోమ, మంగళ అని నేను గీసిన గీత చూసి కదిలితే మాలు మధ్యలో వదిలేసిన రోజులే వస్తాయి.

"ఇంకో ఇద్దరిని దింపండి" అన్నదాని గురించి ఎక్కువ చెప్పను. గోడలు ఖాళీగా ఉంటే గిలాబుకు ఇద్దరు పెరగడం మంచిదే. ఒక రూము వైరింగుకు అడ్డా మీంచి కొత్త మనిషిని తెస్తే, పాతాయన చేస్తున్న పని ఆపి ఏ పైపు ఎటు పోయిందో చెప్పుకుంటూ కూర్చుంటాడు.

ఫోన్ల సంగతి అందరికీ తెలిసిందే.

"ఎక్కడున్నవ్?"

"తొవ్వల్నే ఉన్న అన్నా, పది నిమిషాలు."

నాలుగు సైట్ల మనిషి నలుగురికీ ఇదే చెప్తాడు. చెప్పక ఏం చేస్తాడు? నలుగురిలో ఎవరి పని ముందో మనం తేల్చి చెప్పలేదు కాబట్టి, గట్టిగా అరిచినవాడి పని ముందవుతుంది. రోజుకు మూడు ఫోన్లు చేస్తే మూడు అబద్ధాలు వినడమే.

ఇంకొకటి, ఆ మెసేజ్ రాసిన వాడెవరో గానీ మేడారం జాతర చూసినట్టు లేడు. 2024 ఫిబ్రవరిలో జాతర 21 నుంచి 24 దాకా, నాలుగు రోజులు. నా జట్లు మళ్లీ పూర్తిగా దిగేసరికి పది రోజులు దాటింది. నాట్లప్పుడూ అంతే, దసరాకూ అంతే. నిండా నింపిన వారాల్లో ఈ రోజులు ఎక్కడ ఇరికిస్తాం?

ఇప్పుడు నా దగ్గర ఏ జట్టుకూ రెండు సైట్లు దాటవు. స్లాబు ముందు రోజు ఎలక్ట్రీషియన్ వేరే చోటికి కదలడు, ఎవరు అరిచినా ఆ ఫోను నాకే వస్తుంది. అతని శనివారం మీద ఏ సైటు పేరూ రాయను. గ్రూపులో ఒకాయన అడిగాడు, "శనివారం కైకిలి ఉత్తగనే ఇస్తున్నవా అన్నా?" అని. పోయిన నెల నాలుగు శనివారాల్లో ఒకసారి భీమారం, ఒకసారి హసన్‌పర్తి ఉరికాడు. మిగిలిన రెండు రోజులు నిజంగానే మా షెడ్డులో కూర్చుని పాత స్విచ్ బోర్డులు విప్పి సర్దుకున్నాడు. ఆ రెండు రోజుల కైకిలి నా జేబులోంచే పోయింది. సారు ఇంట్లో నడిమి రూము ఫ్యాను మాత్రం ఇప్పటికీ, గోడ మీద పైకి కనిపించే కేసింగ్ పట్టీలోంచి తెచ్చిన వైరుతోనే తిరుగుతోంది.