పై వరుస వైట్‌ఫీల్డ్, కింది వరుస కనిగిరి

బెంగళూరులో సొంత ఇల్లు కొనుక్కోలేని తెలుగువాడికి స్థిరాస్తి అంటూ మిగిలింది సొంత నోరు ఒక్కటేనన్న సత్యాన్ని ఈ నగరంలోని పళ్ళ క్లినిక్కులు మనకంటే ముందే గ్రహించాయి. మారతహళ్ళి నుంచి కె.ఆర్.పురం దాకా రింగు రోడ్డు వెంబడి, ఆంధ్రా మెస్సుకూ ఆంధ్రా మెస్సుకూ నడుమ ఒక్కో క్లినిక్కు వెలిసి ఉండడం చూసి, మనవాళ్ళ పళ్ళు అంతగా పాడైపోయాయా అని నేను మొదట్లో బెంగపడ్డాను. అది నా అజ్ఞానం. పాడైన పళ్ళతో ఆ క్లినిక్కులకు పెద్దగా పనిలేదు. పుచ్చినవాడు ఒక్క పన్నుతో వస్తాడు. బాగున్నవాడు పదింటితో వస్తాడు. ఏ వ్యాపారి అయినా ఎవరికి ముందు కుర్చీ వేస్తాడో విడమరిచి చెప్పనక్కరలేదు.

ఈ విద్య వైద్యశాఖ హద్దులు దాటి ప్రజాపనుల శాఖలో చేరి చాలాకాలమైందని దాని పరిభాషే సాక్ష్యం చెబుతుంది. పంటి లోపలి నరం కుళ్ళితే తవ్వేది కెనాల్, అంటే కాలువ. గుంటలో పెట్టేదాన్ని వైద్యులు ఫిల్లింగు అంటారు గాని, మనవాళ్ళు ఏనాడో దాన్ని సిమెంటు అని సరిగ్గానే పిలుచుకున్నారు. పన్ను పోయిన ఖాళీ మీద కట్టేది బ్రిడ్జి. అది నిలబడాలంటే అటూ ఇటూ ఉన్న పళ్ళను, అవి నిక్షేపంలా ఉన్నా సరే, చుట్టూ చెక్కి స్తంభాలుగా మార్చాలి. రోడ్డు వెడల్పు కోసం ఏ పాపమూ ఎరగని ఇళ్ళ ముందు గదులు పడగొట్టే నగరంలో దీన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పైగా, ఈజీపుర ఫ్లైఓవర్‌కు 2017లో పని మొదలుపెట్టి ఏళ్ళ తరబడి స్తంభాలనే చూపించిన ఊళ్ళో, నోట్లో వంతెన రెండు మూడు వారాల్లో పూర్తవుతోందంటే గుత్తేదారు చిత్తశుద్ధిని శంకించలేము. ఇక ఇంప్లాంటు సంగతి. పెట్టుడు పంటికి పునాదిగా దవడ ఎముకలో టైటానియం మర బిగిస్తే, ఎముక దాన్ని పరాయిదని తోసిపుచ్చకుండా కొన్ని నెలల్లో తనలో కలుపుకుంటుంది. కుందేళ్ళ మీద ప్రయోగాలు చేస్తూ ఈ గుణాన్ని పసిగట్టిన స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1965లో మొదటి రోగికి బిగించిన మరలు, ఆ రోగి 2006లో కన్నుమూసేదాకా ఆయన దవడలోనే ఉన్నాయి. పదకొండు నెలల అద్దె ఒప్పందాల మీద బతికే మనకు, నలభై ఏళ్ళు ఒకే చోట కాపురం ఉన్న ఆ మర మీద అసూయ కలగడం సహజం.

అయితే ఇవన్నీ పన్ను పోయినవాడి అవసరాలు. అవసరంలో కళ ఉండదు. కళంతా లామినేట్లలో ఉంది. వడ్రంగి బీరువా తలుపుకు అతికించేదాన్నీ, దంతవైద్యుడు పంటికి అతికించేదాన్నీ ఈ ఊళ్ళో ఒకే పేరుతో పిలుస్తారు, రెంటికీ రంగుల కార్డు చూపిస్తారు, రెంటికీ లోపలి చెక్క ఎలా ఉందని ఎవరూ అడగరు. పింగాణీతో చేసిన పలుచని పెంకును పంటి ముందుభాగానికి అతికించడమే ఇందులోని పని. ఆ పెంకుకు చోటు కావాలి గనుక పంటి పైపొరను సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల మందాన అరగదీస్తారు. ఆ పైపొర పేరు ఎనామిల్. మనిషి శరీరంలో దానికంటే గట్టి పదార్థం మరొకటి లేదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే నశిస్తాయి కాబట్టి, ఒకసారి అరిగినది మళ్ళీ రాదు. పెంకు మాత్రం పదేళ్ళకో పదిహేనేళ్ళకో మార్చుకోవలసి వస్తుంది. శాశ్వతమైనదాన్ని తీసి తాత్కాలికమైనదాన్ని పెట్టించుకోవడమే పురోగతి అని ఒప్పుకోనివారు ఈ నగరపు చెరువుల చరిత్రను ఒకసారి తిరగేయగలరు.

ఈ పెంకుల పుట్టుక కూడా తెలుసుకోదగినదే. 1930ల నాటి హాలీవుడ్‌లో పింకస్ అనే దంతవైద్యుడు నటుల పళ్ళ మీద ఇలాంటివి తాత్కాలికంగా అతికించేవాడు. గట్టి జిగురు ఇంకా దొరకలేదు గనుక చిత్రీకరణ అయిపోగానే వాటిని తీసేసి, సాయంత్రానికి నటులందరూ ఎవరి పళ్ళతో వారు ఇంటికి పోయేవారు. ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే దాని మీద అక్రిలిక్ పూత గట్టిగా పట్టుకుంటుందని 1955లో బ్యూనోకోర్ నిరూపించాడు. 1980లలో పింగాణీ కూడా అలాగే అతుక్కుంది. దాంతో ఎవరి పళ్ళతో వారు ఇంటికి పోయే పాత అనాగరిక పద్ధతి అంతరించింది.

ఈ విజ్ఞానమంతా నాకు మా మేనల్లుడి పుణ్యమా అని అబ్బింది. వాడిది కనిగిరి. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో పుట్టినవాడిని చిరునామా అడగవలసిన పనిలేదు, నోరు తెరిస్తే చాలు. పళ్ళు దవడలో రూపుదిద్దుకునే పసివయసులో బోరు నీళ్ళలోని ఫ్లోరైడు మోతాదు మించితే, ఎనామిల్ మీద సుద్దలాంటి మచ్చలో గోధుమరంగు చారలో పడతాయి. తాగునీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, మరో గతి లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని ప్రమాణం ఉంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ అనే ఈ వ్యాధి ఉందని 1937లోనే వైద్య పత్రికలకెక్కింది. కనిగిరి వైపు తాలూకాలను 1970లో నెల్లూరు నుంచి విడదీసి కొత్త జిల్లాలో కలపడం వెంటనే జరిగిపోయింది, నీళ్ళ సంగతే కాస్త ఆలస్యమైంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టింది. ఒక ఊరికి ఇంతకంటే చేదైన బిరుదు నేను చూడలేదు. ఏతావాతా, ప్రభుత్వం నీళ్ళలోంచి తీయలేకపోయినదాన్ని పళ్ళ మీదనుంచి తీయడానికి మావాడు సొంత ఖర్చుతో పూనుకున్నాడు. పెళ్ళిసంబంధాల ఫోటో కోసం పెదవులు బిగించి దిగిన పదిహేడు ఫోటోల్లోనూ వాడు ఎవరి మీదనో కోపంగా ఉన్నట్టు పడ్డాడు మరి.

క్లినిక్కులో మమ్మల్ని ఆహ్వానించింది వైద్యుడు కాదు, సలహాదారు. హిందూపురం అమ్మాయి, మాట చక్కెర. ఆమె ముందు జర్మనీవారు 1956 నుంచి తయారుచేస్తున్న రంగుల పట్టీ ఉంది. ఎ1 నుంచి డి4 దాకా పదహారు రంగులు, ఒక్కటీ తెలుపు కాదు. పైనున్న ఎనామిల్ కాంతిని సగం దాటనిస్తుందట, అడుగునున్న డెంటిన్ పసుపురంగు అందులోంచి తొంగిచూస్తుందట, కాబట్టి మనిషి పన్ను ఎన్నడూ సున్నంలా ఉండదట. మన కావ్యకర్తలు ఎంత తేలిగ్గా పని కానిచ్చారో అప్పుడర్థమైంది. మొల్లలు, ముత్యాలు, దానిమ్మ గింజలు అనే మూడే మూడు రంగులతో ఇన్ని శతాబ్దాల నాయికల పలువరుసలను నెట్టుకొచ్చారు. అందులో దానిమ్మ గింజను ఈ పట్టీ పక్కన పెట్టి చూస్తే కుందరదనల మీద మనకున్న గౌరవం కొంత సన్నగిల్లుతుంది.

“ఈ పదహారూ మామూలు మనుషులకు సర్,” అంది ఆ అమ్మాయి, సొరుగులోంచి మరో పట్టీ తీస్తూ. అందులోవి నిజంగానే తెల్లగా ఉన్నాయి. మావాడు అన్నిటికంటే చివరిదాని మీద వేలు పెట్టాడు. “సార్‌ది వైట్‌ఫీల్డ్ టేస్టు,” అని ఆమె మెచ్చుకుంది. వైట్‌ఫీల్డ్‌కు ఆ పేరు పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఆంగ్లో ఇండియన్ల ఊరు నెలకొల్పిన వైట్ అనే పెద్దమనిషి వల్ల వచ్చిందని, పళ్ళతో దానికి సంబంధం లేదని నేను చెప్పబోయి, అప్పటికే కాఫీ తాగి ఉన్నాను గనుక మర్యాదకు ఊరుకున్నాను.

పై వరుసకు పది పెంకులు, ఒక్కోటి పద్నాలుగు వేలు, మొత్తం లక్షా నలభై వేలు, పన్నెండు వాయిదాలు. బీమా వర్తిస్తుందా అని అడిగితే ఆ అమ్మాయి జాలిగా చూసింది. అందం కోసం చేసే పంటి పనికి మావాడి పాలసీ పైసా ఇవ్వదు. ప్రమాదంలో పళ్ళు రాలితే పరిశీలిస్తుంది. సిల్క్‌బోర్డు కూడలిలో హెల్మెట్ లేకుండా తిరిగితే ఎలా ఉంటుందని మావాడు ఒక్క క్షణం ఆలోచించినట్టు వాడి ముఖం చూస్తే తెలిసింది.

సంతకానికి ముందు, నాకు తెలిసిన ఒక పెద్ద దంతవైద్యుడి దగ్గరికి వాడిని తీసుకువెళ్ళడం నేను చేసిన పొరపాటు. ఆయన అద్దంపుల్ల పెట్టి నోరంతా చూసి, లోకజ్ఞానం బొత్తిగా లేని మాటలు మాట్లాడాడు. ముందు గార తీయించుకోవాలట. కింది దవడపన్నొకటి పుచ్చింది గనుక అది నరం దాకా పోకముందే నింపించుకోవాలట. చారలు లోతుగా లేవు గనుక ఆమ్లం కలిపిన ప్యూమిస్ రాతి పొడితో పైపైన రుద్దితే చాలావరకు పోతాయట, మిగిలినదానికి పళ్ళను తెల్లబరిచే పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్లును పళ్ళకు తొడుక్కునే ట్రేలో వేసుకుని రెండు వారాలపాటు రాత్రిళ్ళు పెట్టుకుంటే సరిపోతుందట. అప్పటికీ తృప్తి లేకపోతే ముందు రెండు పళ్ళకు కాంపోజిట్ అనే పంటిరంగు పూత వేయవచ్చట, టీ కాఫీల వల్ల కొన్నేళ్ళకు అది రంగు మారితే మళ్ళీ మెరుగు పెట్టవచ్చట. “అరగదీయడం ఎప్పుడైనా చేయవచ్చు. అరగదీసింది వెనక్కి పెట్టడమే నాకు చేతకాదు,” అన్నాడాయన. ఇలాంటి మాటల వల్లనే ఆయన క్లినిక్కులో ఇప్పటికీ ప్లాస్టిక్ కుర్చీలున్నాయి, కాఫీ యంత్రం లేదు.

పది రోజుల్లో పని పూర్తయింది. మావాడు గదిలోకి అడుగుపెడితే దీపం వేసినట్టుంది. కింది వరుస నవ్వినప్పుడు కనపడదని ఆ అమ్మాయి చెప్పింది, అది నిజమే. అది మాట్లాడినప్పుడు కనపడుతుంది. ఆ విధంగా నా మేనల్లుడికి పై వరుస వైట్‌ఫీల్డ్‌గానూ, కింది వరుస కనిగిరిగానూ స్థిరపడి, వాడు నవ్వడం హెచ్చించి మాట్లాడడం తగ్గించాడు. ఆఫీసులో వాడి మీద గౌరవం పెరిగిందని విన్నాను. ఐదేళ్ళ వారంటీ కాగితంలో మాత్రం ఒక షరతు ఉంది: ముందు పళ్ళతో గట్టి పదార్థాలు కొరికితే వారంటీ చెల్లదు. సంక్రాంతికి మా అక్క డబ్బాడు చెక్కలు, డబ్బాడు నువ్వుండలు పంపింది. నవ్వితే ముత్యాలు రాలాలని కోరుకున్న జాతిలో పుట్టి, ఒక్కో ముత్యం పద్నాలుగు వేలు పలుకుతున్నప్పుడు ఎవడు సాహసిస్తాడు? వాడు చెక్కలను మిక్సీలో వేసి, పొడి చేసుకుని, చెంచాతో తిన్నాడు. ఈ సంగతి నేను అక్కకు ఇంతవరకు చెప్పలేదు.

పెళ్ళిచూపులు రామమూర్తినగర్‌లో. అమ్మాయి తాతగారు పొదిలి నుంచి వచ్చి ఉన్నారు. మావాడు గుమ్మంలోనే నవ్వాడు, కూర్చుని నవ్వాడు, జీతం ఎంతని అడిగితే నవ్వాడు. తాతగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు పరీక్షగా చూసి నావైపు తిరిగారు. “ఏమయ్యా, కనిగిరి అంటిరి గదా. పిల్లోడు ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగాడు?” అన్నారు. గదిలో మాటలాగిపోయాయి. ఆధార్ కార్డు చూపిద్దామా అని నేను జేబు తడుముకుంటుండగా, ఆయనే మావాడి దగ్గరికి జరిగి, “కింది పెదవి కొంచెం లాగు నాయనా,” అన్నారు. వాడు లాగాడు. ఆయన వంగి చూశారు.

“ఆఁ, మనోడే,” అన్నారు తాతగారు, తేలికపడి. “దవడపన్నొకటి పుచ్చినట్టుంది, చూపించుకో.” ఆ తరువాత పళ్ళెంలోంచి ఒక చెక్క తీసుకుని, గోధుమరంగు చారలున్న తన ముందు పళ్ళతో ఫెళ్ళున కొరికారు.