కొల్లూరు విల్లాలు, డల్లాస్ జ్ఞాపకాలు

మా తమ్ముడు హైదరాబాద్‌లో రియల్టర్. అంతకుముందు చాలా ఏళ్లు టెక్సాస్‌లో, డల్లాస్ పక్కన, లైసెన్సు తీసుకుని ఇదే పని చేశాడు. ఇప్పుడు నెలకోసారి తెల్లాపూర్, కొల్లూరు, నార్సింగి వైపు ఇళ్ల సంగతులతో రెండు పేజీల కరపత్రం అచ్చు వేయించి అపార్టుమెంట్లలో పంచుతాడు. ఏ ప్రాజెక్టు మొదలైంది, గజం ఎంత పలుకుతోంది, ఏ రోడ్డు పడుతోంది అన్నవి ఒక పేజీ. రెండో పేజీ నిండా అమెరికా జ్ఞాపకాలు. మా ఆయనేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని జుట్టు నెరిసేదాకా దస్తావేజులు రాసిన మనిషి. ఆ రెండో పేజీ ఆయనకు గిట్టదు. మొన్న భోజనాలయ్యాక ఇద్దరూ పట్టుకున్నారు. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. కుండలీకరణాల్లో ఉన్నవి నా మాటలు.

బావ: ఏమయ్యా బామ్మర్దీ, ఈ నెల కాగితం చదివాను. కొల్లూరులో కొత్త విల్లాలు అని మొదలుపెట్టావు. పేజీ తిప్పితే 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి కరెంటు పోయిన రాత్రి నువ్వు ఎలా గడిపావో ఉంది. కొల్లూరులో ఇల్లు కొనేవాడికి ఆ రాత్రితో పనేంటి?

బామ్మర్ది: ఉత్త రేట్లు రాస్తే ఎవరు చదువుతారు బావా? రేట్లు ప్రతి బ్రోకరూ చెప్తాడు. నేను ఇంకో పద్ధతి చూసి వచ్చాను. అక్కడ కొనేవాడు ఏమేం అడుగుతాడో తెలిస్తే ఇక్కడివాళ్లూ అడగడం మొదలుపెడతారు.

బావ: అడగడం నేర్పడానికి డల్లాస్ దాకా ఎందుకు, మా బల్ల దగ్గరికి పంపు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, ఎన్నేళ్లకు తీశావు? లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, ఎక్కడ తెగాయి? చెక్‌బందీలో, అంటే నాలుగు హద్దుల్లో, పడమర ప్లాటు నంబరు ఎంత? ఆ పడమర ప్లాటువాడి డాక్యుమెంటు తెప్పించి చూస్తే, అతని తూర్పు హద్దు నీ ప్లాటేనా? ఈ చివరి ప్రశ్న ఎవడూ అడగడు. ఒకాయన 200 గజాల ప్లాటు కాగితాలు తెచ్చాడు. పాత డాక్యుమెంటులో పడమర "30 అడుగుల రోడ్డు". పదిహేనేళ్ల తర్వాత రాసిన దానిలో అదే పడమర ఒక ప్లాటు నంబరైంది. రోడ్డు ఎక్కడికి పోయినట్టు? ఎవడో రోడ్డునే ప్లాటు కింద కోసి అమ్మేశాడు. ఈసీ చూస్తే అంతా శుభ్రంగానే ఉంది.

బామ్మర్ది: ఇది మీకు చేతిలో ఉన్న విద్య. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే కుర్రాడికి చెక్‌బందీ అంటేనే తెలియదు. అక్కడ ఈ వెతుకులాటంతా టైటిల్ కంపెనీ, అంటే భూమి హక్కు చూసే కంపెనీ, చేస్తుంది. చేసి ఊరుకోదు, ఇన్సూరెన్సు ఇస్తుంది. రేపు ఎవరో వచ్చి ఇది మా తాత భూమి అన్నారనుకోండి, కోర్టు ఖర్చు కంపెనీది. ఆ పాలసీ లేకుండా బ్యాంకు పైసా వదలదు.

బావ: అక్కడ గవర్నమెంటు రికార్డు పక్కాగా ఉంటుంది కాబట్టి కంపెనీకి ధైర్యం.

బామ్మర్ది: అదే పొరపాటు. కౌంటీ ఆఫీసు, అంటే అక్కడి జిల్లా ఆఫీసు, డాక్యుమెంటును రికార్డు చేసుకుంటుంది, అంతే. భూమి నీదేనని పూచీ పడదు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసూ అంతే కదా! ఆ లోటు పూడ్చడానికే అక్కడ ఇన్సూరెన్సు పుట్టింది. బిల్డర్లను అదుపులో పెట్టే మన రెరా చట్టం 16వ సెక్షన్లోనూ ఉంది, ప్రభుత్వం నోటిఫై చేస్తే బిల్డరు టైటిల్‌కి ఇన్సూరెన్సు తీసుకోవాలని. చట్టం 2016లో వచ్చింది. ఇన్నేళ్లలో మీ బల్ల మీదికి అలాంటి పాలసీ ఒక్కటైనా వచ్చిందా?

బావ: రాలేదు.

బామ్మర్ది: నేను డల్లాస్ సంగతి రాయకపోతే, అలాంటిది ఒకటి అడగవచ్చని కూడా ఎవరికీ తట్టదు.

(మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంటే మాట దొరకలేదని. ఈ ఒక్కచోట నేను తమ్ముడి వైపే.)

బావ: సరే, అది పనికొచ్చే జ్ఞాపకం. మరి పోయిన నెల రాసిందేంటి? "అమెరికాలో అంతా ఓపెన్, ధర దాచిపెట్టడం ఉండదు" అన్నావు. మావాడు డల్లాస్ పక్కనున్న ప్లానోలో ఇల్లు కొన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. పక్కిల్లు ఎంతకు అమ్ముడైందిరా అంటే, కౌంటీ రికార్డులో దొరకదు నాన్నా అన్నాడు.

బామ్మర్ది: టెక్సాస్‌లో అమ్మిన ధరను ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం లేదు. ఏజెంట్లు ఇళ్ల వివరాలు పంచుకునే ఎమ్మెల్లెస్‌లో ఉంటుంది. అది ఏజెంట్లకు కనబడుతుంది.

బావ: అంటే ధర గుట్టు నీలాంటివాళ్ల చేతిలో ఉంటుంది. దాన్ని ఓపెన్ అని రాశావు. ఇక్కడ కనీసం డాక్యుమెంటు మీద ఒక అంకె ఉంటుంది, డబ్బు కడితే నకలు ఎవరికైనా ఇస్తారు.

బామ్మర్ది: అబద్ధపు అంకె బావా!

బావ: కాదని ఎవరన్నారు? 2021 జూలై నుంచి రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి 7.5 శాతం కట్టాలి. చాలామంది ప్రభుత్వ విలువ దగ్గరే రాయించుకుని మిగతాది చేతికిచ్చి పోతారు. నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది, రాసిన చెయ్యి ఇదే.

(ఆ మాట కొంచెం నెమ్మదిగా అనమని సైగ చేశాను. పై ఇంట్లో ఉండేది ఇన్‌కమ్ టాక్స్ ఆయన.)

బావ: నీ మొదటి పేజీ మాత్రం తక్కువ తిన్నదా? 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికిందని పెద్దక్షరాల్లో వేశావు. ఆ మర్నాటి నుంచి శంకర్‌పల్లిలో గుట్ట మీద ప్లాటున్నవాడు కూడా రేటు పెంచి కూర్చున్నాడు. అక్కడ ఎన్ని అంతస్తులైనా లేపవచ్చు, ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలానికి ఇంత కట్టడమే అన్న పరిమితి, లేదు. ఆ ధర నలభై, యాభై అంతస్తుల మీద సర్దుకుంటుంది. ఆ సంగతి రాశావా?

బామ్మర్ది: చోటు లేదు.

బావ: గరాజ్ తలుపు గడ్డకట్టిన కథకు చోటుంది.

(ఇద్దరూ నవ్వారు. టీ పెట్టడానికి లేచాను, కాబట్టి హోమ్ లోన్ల మీద జరిగింది సగమే విన్నాను. తమ్ముడు అక్కడ ముప్పై ఏళ్ల లోన్‌కు ఒకటే వడ్డీ, మొదటి నెల ఎంతో చివరి నెలా అంతే అంటున్నాడు. ఆయనేమో ఇక్కడ వడ్డీలకు మూలమైన రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 2022లో 4 నుంచి 2023 ఫిబ్రవరికి 6.5 అయినప్పుడు చాలామందికి ఈఎంఐ అలాగే ఉంచి బ్యాంకులు కాలవ్యవధిని చల్లగా పొడిగించాయని, ఆ సంగతి చెప్పిన ఉత్తరం ఎవరూ విప్పి చూడలేదని అంటున్నారు. ఈ విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. అందుకే త్వరగా వదిలేశారనుకుంటా.)

బావ: అక్కడ ఇళ్ల మార్కెట్ కూలిన 2008లో నువ్వు అక్కడే ఉన్నావు కదా? నీ కాగితంలో ఆ సంవత్సరం ఒక్కసారి కూడా కనబడలేదు.

బామ్మర్ది: ఏం రాయమంటారు? టెక్సాస్‌లో లోన్ కట్టలేనివాళ్ల ఇళ్లు నెలలో మొదటి మంగళవారం కౌంటీ కోర్టు దగ్గర వేలం వేస్తారు. దాని కోసం కేసు కూడా అక్కర్లేదు, నోటీసు చాలు. నేనూ వెళ్లేవాడిని. ఒకాయన నిలబడి అడ్రసులు చదువుతుంటాడు. అందులో నేను అమ్మిపెట్టిన ఇల్లు ఒకటి వచ్చింది. ఆ వీధి పేరు విన్నాక మిగతావి వినబడలేదు.

బావ: ఇది రాయి.

బామ్మర్ది: ఇళ్లమ్మేవాడు వేలాల గురించి రాస్తే ఎవరు కొంటారు?

బావ: మరి నీ కాగితం వార్తలా, వ్యాపార ప్రకటనా? అక్కడి పచ్చిక, అక్కడి స్కూలు బస్సు, అక్కడి పొరుగువాడి పలకరింపు... ఇవన్నీ చదివి రిటైరైనవాళ్లు మురిసిపోతారు, మా పిల్లలు ఉండే చోటు ఇలాగే ఉంటుందని. కింద విల్లాల ఫోన్ నంబరు. మురిపించేవి రాస్తావు, భయపెట్టేవి మానేస్తావు. అందుకే నాకు ఒళ్లు మండుతుంది, అమెరికా పేరు విని కాదు.

బామ్మర్ది: అన్నీ మురిపించేవే అనకండి. ఇళ్లకు నీళ్లు పెట్టడం గురించి రాసింది చదివారా?

బావ: చెట్లకు కదా?

బామ్మర్ది: ఇళ్లకే. డల్లాస్‌లో నేల బంకమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. అక్కడ ఇల్లు నేల మీద పోసిన కాంక్రీటు పలక మీద నిలబడుతుంది. జూలై, ఆగస్టు ఎండలకు పునాది అంచు వెంట మట్టి విడిపోయి చెయ్యి దూరేంత సందు పడుతుంది. అందుకని గోడ నుంచి అడుగు దూరంలో ఇంటి చుట్టూ చిల్లుల పైపు పరిచి, సాయంత్రాలు నీళ్లు వదులుతారు. నేల సమంగా తడిగా ఉండాలి, ఒక పక్క తడి, ఒక పక్క పొడి అయితే ఇల్లు ఒరుగుతుంది. కొనేముందు ఇన్‌స్పెక్టరు వచ్చి ముందు చూసేది తలుపుల పైమూలలు. అక్కడ ఏటవాలుగా బీట ఉందంటే పునాది కదిలినట్టు. తలుపు పట్టేస్తుందా, దానంతట అదే తెరుచుకుంటుందా అని ప్రతి గదిలో వేసి తీసి చూస్తాడు.

బావ: అది నల్లరేగడి లక్షణమే.

బామ్మర్ది: నేను చెప్పేదీ అదే! ఇప్పుడు వికారాబాద్ దాటి తాండూరు వైపు ఫామ్ ప్లాట్లు అమ్ముతున్నారు. కంది పండేది ఆ నల్లరేగడిలోనే. వీకెండ్ ఇల్లు కట్టుకుంటామని కొనేవాళ్లలో ఎంతమంది మట్టి పరీక్ష చేయిస్తున్నారు? పునాది ఎంత లోతుకు తీయాలని ఎంతమంది అడుగుతున్నారు? నేను డల్లాస్‌లో పైపు పరచకపోతే ఈ ప్రశ్న నాకూ వచ్చేది కాదు.

బావ: బాగుంది. కానీ నువ్వు తాండూరు పేరు ఎక్కడా రాయలేదు. పైపు కథ చెప్పి వదిలేశావు. చదివినవాడు అమెరికావాళ్ల చాదస్తం అనుకుని నవ్వుకుని ఉంటాడు.

(ఇది నిజం. నేనూ నవ్వుకున్నాను.)

బామ్మర్ది: వచ్చే నెల రాస్తాను. ఇంకోటి కూడా. అక్కడ ఒప్పందం రాసుకున్నాక కొద్ది రోజులు ఆప్షన్ పీరియడ్ ఉంటుంది. కొంచెం ఫీజు కడితే చాలు, ఆ రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి తగ్గవచ్చు. ఇక్కడ ఆదివారం సైట్ విజిట్, సాయంత్రానికి టోకెన్. సోమవారం ఇంట్లోవాళ్లు వద్దంటే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవడమే.

బావ: దానికి మన చట్టమే ఉందిగా. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. రెరా నంబరు రాకుండా అసలు ప్రకటనే వేయకూడదు, ప్రీలాంచ్ అన్న మాటే తప్పు. ఆ రెండు లైన్లూ రాసి, దాని పక్కన నీ ఆప్షన్ పీరియడ్ పెట్టు. అప్పుడు చదివేవాడు ఇక్కడ తనకేముందో, ఏది లేదో చూసుకుంటాడు.

బామ్మర్ది: అయితే రెండో పేజీ ఉండొచ్చన్నమాట.

బావ: ఒక్క జ్ఞాపకం కలిపితే ఉండొచ్చు. నువ్వు అక్కడున్నప్పుడు నీ కమిషన్ ఎవరిచ్చేవారు?

బామ్మర్ది: అమ్మేవాళ్లు. రెండు పక్కల ఏజెంట్లకూ అందులోంచే వెళ్లేది. కొనేవాళ్లేమో నేను వాళ్లకు ఊరికే పనిచేస్తున్నాననుకునేవారు. నేను వచ్చేశాక మారింది. కోర్టు దావాలు నడిచి, రియల్టర్ల జాతీయ సంఘం సెటిల్ చేసుకుంది. 2024 ఆగస్టు 17 నుంచి, ఇల్లు చూపించకముందే కొనేవాళ్లతో కాగితం రాసుకోవాలి, ఏజెంటుకు ఎంత ముడుతుందో అందులో అంకె ఉండాలి.

బావ: అదీ! దాన్ని ఇక్కడికి తీసుకురా. కరపత్రం అడుగున ఒక లైను వేయి. "పైన రాసిన కొల్లూరు విల్లా అమ్ముడైతే బిల్డరు నాకు ఇంత శాతం ఇస్తాడు."

బామ్మర్ది: ఏ బిల్డరు ఒప్పుకుంటాడు బావా? మర్నాడే నన్ను గేటు దగ్గర ఆపేస్తారు.

బావ: అక్కడి పచ్చిక గురించి రాసినప్పుడు ఆపలేదుగా.

బామ్మర్ది: అక్కా, నువ్వు చెప్పు. ఆ లైను పెట్టి బతకగలనా?

(నేనేం చెప్తాను? మా గచ్చిబౌలి ఫ్లాటు ఇప్పించింది కూడా వాడే. అప్పుడు వాడికి ఎంత ముట్టిందో మేమూ అడగలేదు. ఈసారి అడిగాను. "ఒకటిన్నర" అన్నాడు. మా ఆయన కళ్లజోడు మళ్లీ తీశారు.)

బావ: మాకు డిస్కౌంటు ఇప్పించానన్నావు కదరా!

బామ్మర్ది: ఇప్పించాను బావా. రెండు రావాల్సింది, అర శాతం వదులుకున్నాను.

బావ: అదే అంకె వేయి అడుగున. అర వదులుకున్నానని కూడా వేసుకో, నాకు అభ్యంతరం లేదు.