ఆయిల్ మార్పిడికి ముందు పార్టీ మార్పిడి

చెరువు ఎఫ్‌టీఎల్ (నిండితే నీళ్లు చేరే హద్దు) ఎక్కడిదాకా ఉందో చూడకుండా కోటి రూపాయల ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చేసిన హైదరాబాదీ కూడా, కారులో మూడున్నర లీటర్ల ఆయిల్ ఎక్కడ మార్పించాలనే ప్రశ్న ఎదురైతే రెండు వారాలు విచారణ జరుపుతాడు. ఆఫీసులో నలుగురిని వాకబు చేస్తాడు. బావమరిదికి ఫోన్ చేస్తాడు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 'నిజాంపేట దగ్గర మంచి మెకానిక్ ఎవరైనా ఉన్నారా' అని పెడతాడు. ఎన్ని జవాబులొస్తే అన్ని పేర్లు. వాటి కింద గొడవ.

ఈ గొడవను తేలిగ్గా తీసుకోకూడదు. నగరంలోని కార్ల యజమానులు మూడు పార్టీలుగా చీలిపోయి చాలా కాలమైంది. షోరూం పార్టీ అధికారంలో ఉన్న పార్టీ. షెడ్డు పార్టీ ప్రాంతీయ పార్టీ, బస్తీకొక అధినేత. నిన్నగాక మొన్న పుట్టి, సభ్యత్వం తీసుకుంటే మొదటి వాష్ ఉచితమని హామీ ఇచ్చేది యాప్ పార్టీ. కారు కొన్న కొత్తలో అందరూ అధికార పార్టీయే. వారంటీ ముగిసిన మరుసటి నెల ఫిరాయింపులు మొదలవుతాయి.

పార్టీలు మూడైనా రాజ్యాంగం ఒకటే. అది డ్యాష్‌బోర్డు అరలో, ఇన్సూరెన్సు కాగితాల కింద, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంటుంది. ఓనర్స్ మాన్యువల్ చివరి పేజీల్లో మూడు ముక్కలు రాసుంటాయి: ఆయిల్ గ్రేడు, అంటే చిక్కదనం (0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటిది), నాణ్యత ప్రమాణం (ఏపీఐ ఎస్‌ఎన్, ఎస్‌పీ, డీజిల్ అయితే ఏసీఈఏ సీ2, సీ3), ఫిల్టరుతో కలిపి ఎన్ని లీటర్లు. చిన్న పెట్రోలు కారుకు మూడు లీటర్ల పైచిలుకు, డీజిల్ ఎస్‌యూవీకి ఐదారు. ఈ మూడూ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నవాడు ఏ పార్టీలో ఉన్నా గెలుస్తాడు. కానీ రాజ్యాంగం చదివి ఓటేసేవాళ్లు మనలో ఎందరున్నారో తెలిసిందే.

ముందు అధికార పార్టీ. షోరూంలో కారు ఆపగానే సర్వీస్ అడ్వైజర్ ట్యాబ్ పట్టుకుని ప్రదక్షిణ చేస్తాడు. గీతలు, స్టెప్నీ, కాలి మ్యాట్లు, పెట్రోలు ఎంతుందన్నదీ రాసుకుని జాబ్ కార్డు మీద సంతకం పెట్టిస్తాడు. ఇక్కడిదాకా పద్ధతిగానే ఉంటుంది. అసలు పాలన పదకొండున్నరకు, మీరు మీటింగులో ఉన్నప్పుడు వచ్చే ఫోన్‌తో మొదలవుతుంది. 'సార్, ఇంజన్ ఫ్లష్ చేయిద్దామా సార్? థ్రాటిల్ బాడీ క్లీనింగ్ డ్యూ ఉంది సార్. ఏసీ ట్రీట్‌మెంట్, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, ఎలుకలు రాకుండా స్ప్రే...' గొంతు తగ్గించి 'ఓకే' అన్నారంటే అన్ని బిల్లులూ చర్చ లేకుండా సభ ఆమోదం పొందినట్టే. సాయంత్రం చేతికొచ్చే కాగితంలో ఆయిల్‌దీ ఫిల్టరుదీ కలిపి రెండు లైన్లు. మిగతావన్నీ సంక్షేమ పథకాలు, పైన లేబర్ మీద 18 శాతం జీఎస్టీ. ఫ్రీ సర్వీసులోనూ ఇంతే. అక్కడ ఫ్రీ అయ్యేది లేబరొక్కటే, ఆయిల్ డబ్బులు మనవే.

ఈ పథకాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. ఫ్లష్ అంటే పాత ఆయిల్‌లోనే ఒక సీసా పలచటి ద్రవం పోసి, ఇంజన్‌ను పది పదిహేను నిమిషాలు స్టార్టింగ్‌లో ఉంచి, మొత్తం దింపేయడం. వేళకు ఆయిల్ మారుస్తున్న ఇంజన్‌లో కడగడానికి ఏమీ ఉండదు. ఏళ్ల తరబడి మార్చని ఇంజన్‌లో మాత్రం ఒకేసారి ఊడిన మడ్డి వెళ్లి, పంపుకు ఆయిల్ అందించే జాలీకి అడ్డం పడుతుంది. అవసరం లేనివాడికి దండగ, అవసరమున్నవాడికి ప్రమాదం. ఇంత సమన్యాయం వేరే పథకాల్లో దొరకదు.

బ్రేక్ ప్యాడ్లు 'అరవై శాతం అయిపోయినయ్ సార్' అంటే శాతాలొద్దు, మిల్లీమీటర్లు చెప్పమనండి. కొత్త ప్యాడు పది, పన్నెండు మిల్లీమీటర్లుంటుంది. మూడుకు వచ్చినప్పుడు మార్చాలి. అలైన్‌మెంట్ అవసరం స్టీరింగు ఒక పక్కకు లాగినప్పుడు, టైరు ఒక అంచున అరిగినప్పుడు, లేదా మన రోడ్ల మీద గట్టి గుంతలో పడ్డాక (ఈ మూడో కారణం చూపించి ప్రతి నెలా అమ్మొచ్చు, నిజమే). ఏసీ క్యాబిన్ ఫిల్టరు చాలా కార్లలో డ్యాష్‌బోర్డు అర వెనకే ఉంటుంది. అర కిందికి దించి, రెండు క్లిప్పులు నొక్కి లాగితే బయటికొస్తుంది. ఐదు నిమిషాల పని, లేబర్ సున్నా.

షోరూంకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. అక్కడ గ్రేడు తప్పడం అరుదు. సర్వీసు రికార్డు కంపెనీ కంప్యూటర్లో ఉంటుంది, కారు అమ్మేటప్పుడు ధర పలుకుతుంది. ఇక 'బయట చేయిస్తే వారంటీ పోతది సార్' అనే ఎన్నికల నినాదం సంగతి. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయటి మెకానిక్ దగ్గర చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టొద్దని కూడా ఆదేశించింది. బయటివాడి పనివల్ల ఏదైనా చెడితే దానికి మాత్రం కంపెనీ బాధ్యత లేదు. తర్వాత అప్పీళ్లు నడిచాయనుకోండి. కౌంటరు దగ్గర నిలబడి తీర్పు చదివి వినిపించే ఓపిక లేనివాళ్లు వారంటీ ఉన్నన్నాళ్లూ అధికార పార్టీలో ఉండటమే క్షేమం. ఓపిక ఉన్నవాళ్లు గ్రేడు, కిలోమీటర్లు, తేదీ రాయించిన జీఎస్టీ బిల్లు దాచుకోవాలి. తెల్ల కాగితం మీద 'సర్వీసింగ్ - 3,500' అని రాసి ఇచ్చింది సాక్ష్యం కాదు.

ప్రాంతీయ పార్టీకి వద్దాం. షెడ్డులో పెద్ద సౌకర్యం ఏమిటంటే పక్కనే నిలబడి చూడనిస్తారు. ఆయిల్, ఫిల్టరు రాణిగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో మనమే కొని తీసుకెళ్తే భాయ్ ఏమీ అనుకోడు, కొంచెం మొహం చిట్లిస్తాడంతే. డబ్బాల మీద మెకానిక్‌కు పాయింట్లొచ్చే పథకాలుంటాయి మరి. వాటి మీద హక్కు ఆయనకే వదిలేస్తే ఆ చిట్లింపూ పోతుంది.

షెడ్డు పార్టీ సిద్ధాంత గ్రంథంలో ఒకటే వాక్యం: చిక్కగా ఉంటే మంచిది. 0డబ్ల్యూ-20 డబ్బా చూపించగానే 'ఇది నీళ్లలెక్క ఉంది సార్, మన ఎండలకు ఆగదు, 20డబ్ల్యూ-50 పోద్దాం, ఇంజన్ మక్ఖన్ లెక్క నడుస్తది' అంటారు. వినడానికి తర్కబద్ధంగానే ఉంటుంది. ముందున్న సున్నా చలిదేశాల కోసమని, హైదరాబాద్‌లో మంచు కురవదు కాబట్టి అక్కర్లేదని వాదన. కానీ ఇంజన్ లెక్క వేరు. పని వేడిమి వంద డిగ్రీల దగ్గర ఉండే ఇంజన్‌కు మే నెల మధ్యాహ్నం పార్కింగ్ కూడా శీతాకాలమే. నలభై డిగ్రీల దగ్గర 0డబ్ల్యూ-20 ఆయిల్ చిక్కదనం, వంద డిగ్రీల దగ్గర ఉండేదానికి ఐదారు రెట్లు. అంత పలచటిదే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు అంత చిక్కగా ఉంటే, 20డబ్ల్యూ-50 పైకి ఎక్కడానికి ఎంతసేపు తంటాలు పడుతుందో ఊహించుకోండి. అరుగుదల ఎక్కువ జరిగేది ఆ మొదటి క్షణాల్లోనే. కొత్త ఇంజన్లలో వాల్వులు తెరుచుకునే వేళను (వాల్వ్ టైమింగ్) మార్చే సన్నటి నూనె దారులుంటాయి, అవీ పలచటి ఆయిల్‌కే కొలిచి చేసినవి. చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. చప్పుడు తగ్గిందని సంతోషించినవాడు పెట్రోలు బంకులో రెండోది గమనించడు.

బీఎస్6 డీజిల్‌కు ఇంకో చిక్కుంది. పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఆ మసిని కాల్చగలదు గానీ ఆయిల్‌లోంచి వచ్చే బూడిదను కాల్చలేదు. అందుకే తక్కువ బూడిద ఆయిల్ అడుగుతుంది. లారీకి పోసే ఆయిల్ చవగ్గా వస్తుందని పోయిస్తే, మిగిలిన డబ్బులు డీపీఎఫ్ మార్చేటప్పుడు తిరిగి కట్టేయవచ్చు, వడ్డీతో. అన్నట్టు డీజిల్ కారులో కొత్త ఆయిల్ మర్నాటికే నల్లబడితే మెకానిక్ మీదికి యుద్ధానికి వెళ్లకండి. ఇంజన్‌లో మిగిలిన మసిని అది కలుపుకుంటోంది, దాని ఉద్యోగమే అది.

నకిలీలకు మందు: సీలు మీ కళ్లముందు తెరిపించండి, ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవరుతో బొక్క పొడిచి రండి. బ్రాండు డబ్బా ఖాళీదైనా కొనేవాళ్లుంటారు. అందులో తర్వాత ఏం నింపుతారో చెప్పనక్కర్లేదు.

యాప్ పార్టీ మేనిఫెస్టోలో 'ప్రీమియం సింథటిక్ ఆయిల్' అనే మాట పెద్దక్షరాలతో ఉంటుంది. గ్రేడు ఎక్కడా ఉండదు. బుక్ చేసేముందే చాట్‌లో గ్రేడు, ఫిల్టరు కంపెనీ రాయించుకుంటే సగం సమస్య తీరుతుంది. ఇంటికొచ్చి చేసేవాళ్లలో కొందరు కింద బోల్టు విప్పకుండా గేజీ గొట్టంలోంచి పంపుతో పీలుస్తారు. పైపు అడుగుదాకా అందే కార్లలో పర్వాలేదు, అందని వాటిలో పాత ఆయిల్ మిగిలిపోతుంది. సెల్లార్ ర్యాంపు వాలులో జాకీ పెట్టి చేస్తానంటే మాత్రం మర్యాదగా వెనక్కి పంపండి. బండి సమంగా నిలబడకపోతే ఆయిల్ పూర్తిగా దిగదు, కొలత సరిగా రాదు, జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరడం ఎవరికీ క్షేమం కాదు.

ఇంతకీ ఈ మూడు పార్టీల భవితవ్యం తేల్చేది ఏ పార్టీకీ చెందని ఒక బోల్టు. ఆయిల్ చాంబర్ అడుగున ఉంటుంది. చాలా కార్లలో 14 లేదా 17 నంబరు పానా పడుతుంది. దాని కింద రాగిదో అల్యూమినియందో ఒక వాషరు. బిగించినప్పుడు అది నలిగి సీలవుతుంది, అందుకే ప్రతిసారీ కొత్తది వేయాలి. వాషరు ఖరీదు టీ, సమోసా అంత. అయినా మూడు పార్టీలూ ఏకాభిప్రాయంతో దాటవేసే అంశం ఇదే. పాత వాషరుతో బోల్టు చెమ్మగిల్లుతుంది. చెమ్మ కనబడగానే ఇంకాస్త బిగిస్తారు. తర్వాతి సర్వీసులో మరొకాయన ఎందుకైనా మంచిదని గాలి గన్నుతో గుర్రుమనిపిస్తాడు. చాంబర్ చాలాచోట్ల అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఎవరి మరలు పోతాయో వేరే చెప్పాలా? మరలు పోయాక టెఫ్లాన్ టేపు చుట్టి, ఎం-సీల్ పూసి పంపిస్తారు. అసలు మందు కొత్త మరల చుట్ట వేయించడం, లేదా చాంబరే మార్చడం. చాలా కార్లలో ఈ బోల్టుకు ముప్పై, నలభై న్యూటన్ మీటర్లు చాలు. అంటే మొదట చేత్తో మరలు పట్టించి, పానాతో ఒక నిండు బిగింపు. గన్ను చేతిలో పట్టుకుని బోల్టు వైపు నడిచే కుర్రాణ్ని ఆపడానికి మొహమాటపడకూడదు.

ఫిల్టరు దగ్గర ఇంకొకటి చూడాలి. పాత ఫిల్టరు విప్పాక దాని రబ్బరు రింగు దానితోపాటే వచ్చిందా, ఇంజన్‌కే అతుక్కుందా? అతుక్కున్నదాని మీద కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీదొకటి జారి, ఓఆర్ఆర్ మీద వేగం అందుకోగానే ఆయిలంతా రోడ్డుపాలు. కొత్త రింగుకు వేలితో కాస్త ఆయిల్ రాసి, అది ఇంజన్‌కు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. ఫిల్టరు పానా ఉన్నది విప్పడానికి. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని చప్పుడొస్తే చవక ఫిల్టరులో ఆయిల్‌ను వెనక్కి జారకుండా ఆపే వాల్వు పనిచేయడం లేదేమోనని అనుమానించండి.

ఆయిల్ వెచ్చగా ఉన్నప్పుడు దింపాలి, పది పదిహేను నిమిషాలు చుక్క ఆగేదాకా వదలాలి. షోరూం ఎక్స్‌ప్రెస్ సర్వీసుకైనా భూమ్యాకర్షణ అంతే. పోసేటప్పుడు ఉదారత మన కొంప ముంచుతుంది. 'నాలుగు లీటర్ల డబ్బా సార్, మిగిలింది ఇంటికెందుకు?' అని మూడు లీటర్లు పట్టే ఇంజన్‌లో మొత్తం వంపేస్తారు. గేజీ మీద ఎల్ (తక్కువ) గీతకూ ఎఫ్ (నిండు) గీతకూ మధ్య దూరం చాలా కార్లలో దాదాపు ఒక లీటరే. ఎఫ్ దాటి మరీ పైకి వెళ్తే ఇంజన్ అడుగున తిరిగే క్రాంకు దాన్ని చిలికి నురుగు చేస్తుంది. నురుగులో గాలి ఉంటుంది, గాలి బేరింగును కాపాడదు. అందుకే ముందు కొంచెం తగ్గించి పోయించి, ఒక నిమిషం స్టార్ట్ చేసి ఆపి, ఐదు నిమిషాలాగి గేజీ తుడిచి చూసి, ఆ తర్వాత ఎఫ్ దాకా తేవాలి. కింద బోల్టు దగ్గర, ఫిల్టరు దగ్గర వేస్టు గుడ్డతో ఒకసారి తుడిచి చూస్తే ఇంకా మంచిది.

ఎప్పుడు మార్చాలన్నదాని మీద మాత్రం పార్టీలకతీతంగా జనం మోసపోతున్నారు. అద్దం మీద అంటించిన స్టిక్కరు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అంటుంది. సగటున గంటకు యాభై మీద వెళ్లే కారుకు అది 200 గంటల పని. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి పదిహేను సగటుతో పాకే కారుకు అదే దూరం 660 గంటల పైమాటే. ఐకియా సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం ధ్యానంలో ఉంటుంది. మాన్యువల్‌లో 'సివియర్ కండిషన్స్' అని చిన్నక్షరాల పేజీ ఒకటుంది: ఎక్కువసేపు ఐడ్లింగ్ (బండి ఆగి ఇంజన్ తిరగడం), చిన్న చిన్న ప్రయాణాలు, దుమ్ము. మన మాస్టర్ ప్లాన్ చదివి రాసినట్టే ఉంటుంది. అక్కడ ఏ గడువిస్తే అదే మనది. చాలా కార్లకు సుమారు సగం.

ఇక పాత ఆయిల్. దీనికి ఏ పార్టీలోనూ టికెట్ లేదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇది అనుమతి ఉన్న రీసైక్లర్లకే వెళ్లాలి. షోరూంలో డ్రమ్ములో పోసి లెక్క రాస్తారు. షెడ్డులో, యాప్ వ్యానులో ఎక్కడికి పోతుందో అడగండి. పేరో రసీదో చూపిస్తే ఆ షెడ్డును వదలొద్దు. 'ఒకాయన వచ్చి డబ్బాల లెక్కన పట్టుకపోతడు సార్' అన్నారంటే అది ఏ సెంట్రింగ్ రేకులకో పూతగా వెళ్తోందనుకోవచ్చు. అసలు జవాబే చెప్పకుండా వెనక ఉన్న నాలా వైపు చూశారనుకోండి, బోల్టు విప్పకముందే బండి స్టార్ట్ చేయండి.