తెరచాప పడవంటే ఇంజన్ పోయిన బోటు కాదు

నిన్న తెల్లవారుజామున కాకినాడ ఉప్పుటేరులో మా పడవ తాడు విప్పబోతుంటే ఒకాయన టార్చి వేసుకుంటూ వచ్చి ఆపాడు. ఆయన పేరూ ఆఫీసూ రాయను, రాస్తే ఆయన ఒక్కడి మీదకి పోతుంది, ఈ జబ్బు ఆయన ఒక్కడిది కాదు. "ఇంజన్ ఏదండి?" అన్నాడు. లేదండి, ఇది తెరచాప పడవ, భైరవపాలెం వెళ్తున్నాం అని చెప్పాం. టార్చి పడవ వెనకాల కొట్టాడు, ముందు కొట్టాడు, మళ్లీ వెనకాల కొట్టాడు. "అయితే ఇంజన్ ఉన్న ఏదైనా ఫైబర్ బోటు వెనక కట్టించుకుని వెళ్లండి, ఇలాగైతే పంపను" అన్నాడు.

నాకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మా దగ్గర ఏం లేదని ఆపాడు? పడవకి నంబరు ఉంది, కాగితాలు ఉన్నాయి. లైఫ్ జాకెట్లు ఒంటి మీదే ఉన్నాయి, సంచిలో కాదు. వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు ఉంది, జీపీఎస్ ఉంది, కోస్ట్ గార్డ్ నంబరు 1554 పడవ లోపలి పలక మీద పెయింటుతో రాసి ఉంది. ముందు రోజు సాయంత్రం సముద్రం సంగతులు ముందే చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ వాళ్ల అలల సూచన చూసుకున్నాం, ఏ వేళకి చేరతామో భైరవపాలెంలో మనుషులకి చెప్పి పెట్టాం. ఇవేవీ ఆయన అడగలేదు. అడిగింది ఇంజన్ ఒక్కటే. ఆయన మాతో మాట్లాడుతున్నంతసేపూ పక్కనుంచి ఫైబర్ బోట్లు పోతూనే ఉన్నాయి, వాటిలో ఒక్కడి ఒంటి మీదా జాకెట్ లేదు, ఆగు అన్నవాడూ లేడు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన టూరిస్టు బోటుకి ఇంజన్ లేదా? ఇంజన్ ఉంటే చాలు, ప్రాణం భద్రం అని ఈ నది ఒడ్డున పుట్టినవాడు ఎవడైనా ఎలా అనగలడు?

మా మావయ్య చాలా మర్యాదస్తుడు. "ఆయ్, తెర ఉందండి, గాలి ఉందండి, పాటు దిగిపోతోంది బాబుగారూ, వదిలేయండి" అని బతిమాలాడు. పాటు అంటే సముద్రం నీళ్లు వెనక్కి తీయడం, ఎక్కి రావడం పోటు. ఆ వయసు మనిషి, ఆ రేవులో పుట్టి పెరిగిన మనిషి, కొడుకు వయసువాణ్ణి బతిమాలడం చూస్తే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి పై ఆఫీసరుకి ఫోన్ కలిపితే ఆయన నిద్రమత్తులో "సంప్రదాయ పడవే కదా, వెళ్లనివ్వు" అన్నాడు. అంతే. ఆ ఒక్క ముక్క కోసం గంటన్నర పోయింది.

గంటన్నరే కదా అనేవాళ్లకి చెప్తాను వినండి. మేము నిన్నటి రోజుని ఊరికే ఎంచుకోలేదు. అంతర్వేది తీర్థం వెళ్లాక వచ్చే బహుళ అష్టమి అది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎంత పెద్దగా వస్తుందో పాటు కూడా అంత జోరుగా లాగుతుంది, ఆ రోజుల్లో మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర నీళ్లు ఎసరు కాగినట్టు ఉంటాయి. అష్టమికి రెండూ నెమ్మదిస్తాయి. పైగా అష్టమికి మా వైపు తెల్లవారుజామున మూడు ప్రాంతంలో పోటు నిండుతుంది, అక్కణ్ణుంచి పాటు, తొమ్మిది దాకా దిగుతుంది, మళ్లీ పోటు ఎక్కి మధ్యాహ్నం మూడింటికి నిండుతుంది. నాలుగున్నరకి తాడు విప్పితే ఉప్పుటేట్లో పాటే మమ్మల్ని బయటికి తీసుకెళ్తుంది, మధ్యాహ్నం పోటు మమ్మల్ని భైరవపాలెం మొగలోకి తీసుకొస్తుంది. గాలి లెక్క వేరే ఉంది. ఈ మాఘంలో రాత్రంతా చల్లబడిన నేల మీద నుంచి సముద్రం వైపు పడమటి గాలి వీస్తుంది. పొద్దెక్కేకొద్దీ అది సన్నగిల్లి ఎనిమిదీ తొమ్మిదీ అయ్యేసరికి ఆగిపోతుంది. తర్వాత నేల వేడెక్కాక సముద్రం మీద నుంచి ఆగ్నేయం గాలి లేస్తుంది. భైరవపాలెం మాకు దక్షిణాన ఉంది, అంటే ఆ గాలి ఎదురుగాలి. కాబట్టి పడమటి గాలి బతికి ఉండగానే హోప్ ఐలాండ్ ఉత్తరపు కొన చుట్టేసి, బయటి సముద్రంలోకి దిగి, దక్షిణానికి వీలైనంత లాగేయాలి. ఆ దీవి పొడవే దాదాపు 16 కిలోమీటర్లు, దాన్ని పక్కన పెట్టుకుని వెళ్లాలి. ఇంజన్ వాడికి గంటన్నర ఆలస్యమైతే గంటన్నర ఆలస్యంగా చేరతాడు. మాకు గంటన్నర పోతే గాలే మారిపోతుంది, సముద్రమే వేరే అయిపోతుంది. ఈ తేడా తెలియనివాణ్ణి రేవులో ఎందుకు నిలబెడతారు?

ఈ ఒక్క పొద్దు కోసం మేము పడిన కష్టం చూస్తే తెలిసేది. సంక్రాంతి ముందే పడవని గట్టుకి లాగి బోర్లా వేశాం. అడుగున పట్టిన గుల్లలన్నీ గీకాం. ఉప్పునీళ్లలో ఉన్న పడవని పురుగు తినేస్తుంది, బయటికి సూది మొనంత కన్నమే కనిపిస్తుంది, లోపల పలకంతా డొల్ల. మంచినీళ్లలో ఆ పురుగు బతకదు, అందుకే పాతవాళ్లు వరద రోజుల్లో పడవల్ని పైకి తీసుకెళ్లి గోదావరి నీళ్లలో ఉంచేవారు, మావయ్య ఇప్పటికీ అదే చేస్తాడు, అందుకే మా పడవ ఇంకా పడవలా ఉంది. పాడైన పలకలు రెండు మార్చడానికి తాళ్లరేవు నుంచి ఒక పెద్ద వడ్రంగి వచ్చాడు. ఉలి తలతో పలక మీద కొట్టి చప్పుడు విని ఎక్కడ పుచ్చిందో చెప్పేస్తాడు. పలకల సందుల్లో దూది దారం కూరి, గుగ్గిలం నూనెలో కాచి పోశాం. మోరి వైపు నుంచి జీడితొక్కల నూనె తెప్పించి లోపలా బయటా పట్టించాం, చేతులు బొబ్బలెక్కాయి, ఆ నూనె అంత ఘాటు. తెరచాప గుడ్డ మా అత్తయ్య కుట్టింది. కుట్టు మీద కుట్టు, అంచు చుట్టూ తాడు వేసి, మూలల్లో రెండు మడతలు. మిషన్ కుట్టు కాదు, చేతి కుట్టే, ఎందుకంటే గాలి దెబ్బకి మిషన్ కుట్టు ఒకచోట తెగితే బర్రున పోతుంది. అడుగున బరువుకి ఇసుక బస్తాలు, పడవ పక్కకి కొట్టుకుపోకుండా దించడానికి పలక, చుక్కానికి కొత్త ఇనుప కొక్కేలు. ఇంత చేసి తీసుకొచ్చిన పడవని చూసి వెనక కట్టించుకుపోండి అంటాడు!

సరే, ఆరు దాటాక బయటపడ్డాం. అప్పటికి తూర్పు ఎర్రబడింది. గాలి ఇంకా ఉంది, కానీ నీరసంగా ఉంది. బియ్యం బస్తాలు వేసుకుని బార్జీలు దూరంగా ఆగిన ఓడల దగ్గరికి వరసగా పోతున్నాయి, వాటి దారి తప్పించుకుంటూ వెళ్లాం. దీవి కొన కనిపిస్తోంది, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటుండగానే తెర వాలిపోయింది. నీళ్లు అద్దం. కాసేపటికి పోటు మొదలై మమ్మల్ని వెనక్కి కాకినాడ వైపే తోయడం మొదలెట్టింది. లంగరు వేసి కూర్చున్నాం. ఆ కూర్చున్నంతసేపూ నేను ఆ టార్చి మనిషి గురించే ఆలోచిస్తున్నాను. మావయ్య మాత్రం చద్దన్నం మూట విప్పి అందరికీ పెట్టాడు, ఒక్క మాట అనలేదు. ఆయన అనకపోతే నేనంటాను, అందుకే ఇది రాస్తున్నాను.

అక్కడ నీళ్లలో ఒక తాబేలు చచ్చి తేలుతోంది. ఆలివ్ రిడ్లే. ఇది వాటి గుడ్ల కాలం, ఈ దీవి మీదికే వస్తాయి. మరబోట్ల వలల్లో ఊపిరాడక చస్తున్నాయని అందరికీ తెలుసు, తాబేలు తప్పించుకునే ఏర్పాటు వలకి పెట్టాలని రూల్ కూడా ఉంది. ఏటా ఉప్పాడ నుంచి కోనసీమ దాకా ఒడ్డున అవి కుళ్లుతుంటాయి. అక్కడ టార్చి వేసి చూసేవాళ్లు ఎవరూ ఉండరా? మా పడవకి చప్పుడు లేదు, పొగ లేదు, నీళ్ల మీద నూనె మరక లేదు. ఆపింది మమ్మల్ని.

పదకొండు దాటాక ఆగ్నేయం గాలి లేచింది, బాగానే లేచింది. దీవి కొన దాటి బయటికి రాగానే అల పెద్దదైంది, నీళ్ల రంగు మారింది. ఎదురుగాలికి నేరుగా వెళ్లలేం కదా, ఒకసారి నడిసముద్రం వైపు, ఒకసారి దీవి వైపు, అలా వంకర్లు కొట్టుకుంటూ దిగాం. ప్రతి మలుపులోనూ తెర అటు నుంచి ఇటు మార్చాలి, పలక ఇటు ఎత్తి అటు దించాలి, తడిసిన తాడు అరచేతులు కోసేస్తుంది. పడమటి గాలితో హాయిగా జారిపోవాల్సిన దారి అది. ఇలా సాయంత్రం దాకా లాగాం. భైరవపాలెం దగ్గర గోదావరి పాయ గౌతమి మొగ ముందుకి వచ్చేసరికి ఐదవుతోంది, పోటు నిండి రెండు గంటలైపోయింది, నది నీళ్లు బయటికి దిగుతున్నాయి, బయటి అల వాటికి ఎదురొస్తోంది. మొగలో ఎక్కడ ఇసుక మేట ఉంటే అక్కడ తెల్లగా విరుగుతోంది. మొగ ఏటా పూడుతూనే ఉంటుంది, దారి మారుతూనే ఉంటుంది. చీకటి పడితే ఆ దారి కూడా కనపడదు.

మావయ్య తెర సగం చుట్టి కట్టమన్నాడు. ఒకణ్ణి ముందు గెడతో నిలబెట్టి లోతు చెప్పమన్నాడు. నడిమధ్యలో లాగుడు ఎక్కువ కాబట్టి అంచు పట్టుకుని, వెనక అల వచ్చిన ప్రతిసారీ చుక్కాని నిటారుగా పట్టుకుని, గాలి తోపుతో లోపలికి ఎక్కించాడు. ఒక అల వెనక నుంచి ఎక్కి మోకాళ్ల దాకా నీళ్లు నింపింది, నేను డబ్బాతో తోడుతూనే ఉన్నాను, తెర కింది మూల కుట్టు ఒకటి తెగింది, మిగతావి ఆగాయి. లోపలికి వచ్చేశాం. ఆయన కాబట్టి వచ్చాం. మమ్మల్ని ఆ వేళకి, ఆ పాటులోకి, ఆ అలల్లోకి పంపిందెవరు? భద్రత పేరు చెప్పి తాడు పట్టుకున్నవాడే. నాలుగున్నరకి వదిలి ఉంటే మధ్యాహ్నం పోటుతో పిల్లలు కూడా వెళ్లగలిగినంత నెమ్మదిగా ఆ మొగ దాటేవాళ్లం.

ఇంతకీ నన్ను అసలు కోసేది ఇది కూడా కాదు. మా తీరంలోనే ఒక రిసార్టు ఉంది. అక్కడ ఒక పాత నావని రంపంతో మధ్యకి కోసి, ముందు సగం నిలబెట్టి, లోపల అరలు బిగించి, చేపల వేపుడు కౌంటరు చేశారు. ఒక పెళ్లికి వెళ్తే మావయ్య దాన్ని చూశాడు. అది ఆయన అన్నయ్య పడవ. పలక మీద మార్చిన ముక్క చూసి గుర్తుపట్టాడు. అక్కడ పిల్లలంతా దాని ముందు ఫొటోలు దిగుతున్నారు. మావయ్య అన్నం తినకుండా వచ్చేశాడు, మా ఇంట్లో ఎవరం ఎందుకని అడగలేదు. కోసి నిలబెడితే అందం, నీళ్లలో తేలితే అనుమానం. ఇదీ మన వాళ్లకి తెరచాప మీద ఉన్న గౌరవం.

ఏ ఊరు ఇది? కోరంగి పక్క ఊరు. తెరచాప ఓడలు కట్టి, సరుకూ మనుషులూ వేసుకుని రంగం (రంగూన్) దాకా పంపిన రేవు. 1789 ఉప్పెన కొట్టింది, 1839 తుపానుకి రేవే పోయింది, అయినా తాళ్లరేవులో ఓడలు కట్టే చేతులు పోలేదు. ఆ చేతుల్ని తుపాను చంపలేదు, మనం చంపాం. ఆ వడ్రంగి కొడుకు రొయ్యల చెరువు మీద కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి పని నేర్చుకోలేదేం అంటే "ఎవరు కట్టించుకుంటారండి" అన్నాడు, నా దగ్గర జవాబు లేదు. 1996 నవంబరు 6 తుపాను తర్వాత మా ఇంట్లో కూడా అందరూ ఇంజన్ పెట్టించు, తెరచాపతో చస్తావు అని మావయ్య వెంటపడ్డారు. ఆ రాత్రి భైరవపాలెం, బలుసుతిప్పల వాళ్లు ఎంతమందిని పోగొట్టుకున్నారో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు, తిరిగిరాని వాటిలో మరబోట్లు లేవా? అప్పు చేసి ఇంజన్లు పెట్టించినవాళ్లు వడ్డీలు కట్టలేక ఇప్పుడు ఎవరి బోటు మీదో కూలికి వెళ్తున్నారు. డీజిల్ మీద లీటరుకి 9 రూపాయలు రాయితీ ఇచ్చారు, ఇవ్వాల్సిందే, వేటగాడికి అది కావాలి. తెర గుడ్డ మీద మీటరుకి ఒక్క రూపాయి ఇద్దామని ఎవరికైనా తోచిందా?

సముద్రం లేని హైదరాబాద్‌లో హుసేన్ సాగర్ మీద ఏటా తెరచాప పడవల పోటీలు పెడతారు, పిల్లలు నేర్చుకుంటారు, సంతోషం. 2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి, తారిణి అనే తెరచాప పడవలో ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చిన నౌకాదళం అమ్మాయిల్లో మన విశాఖ స్వాతి ఉంది, హైదరాబాద్ ఐశ్వర్య ఉంది. అప్పుడు మా కాకినాడ అంతా స్టేటస్‌లు పెట్టుకుంది. ఆ అమ్మాయిలకి పెట్టిన దండం లాంటిది ఏటిమొగలోనో దుమ్ములపేటలోనో తెర కట్టగలిగిన ముసలాయనకి ఎందుకు పెట్టరు? దండం వద్దులెండి, దారికి అడ్డం తొలగితే చాలు.

ఇప్పటికే ఒకరు మెసేజ్ పెట్టారు, "ఆయన డ్యూటీ ఆయన చేశాడు కదా, అంత కోపం ఎందుకు" అని. డ్యూటీ అంటే జాకెట్ ఉందా, సెట్టు పనిచేస్తోందా, ఏ వేళకి ఏ మొగ దాటతారు అని అడగడం. అవి అడిగి ఉంటే నేనే చేతులెత్తి మొక్కేవాణ్ణి. ఆ రేవులో డీజిల్ రేటు బోర్డు మీద రోజూ రాస్తారు. దాని పక్కనే ఆ రోజు పోటెప్పుడు పాటెప్పుడు రాయమనండి, రాయడం రాకపోతే మావయ్య చెప్తాడు, నేను రాస్తాను. శివరాత్రి వెళ్లాక వచ్చే అష్టమికి మళ్లీ బయల్దేరుతున్నాం, ఈసారి నాలుగింటికే. పై ఆఫీసరు చెప్పిన ఆ ముక్కని కాగితం మీద రాయించి తెమ్మని రేపే ఆ ఆఫీసుకి వెళ్తున్నాను, నాతో వచ్చేవాళ్లు పదింటికి జగన్నాథపురం వంతెన దగ్గర ఉండండి.