"వయసైపోయింది కదా" అనే ముందు ఒక్కసారి ఆగండి

నాన్న చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంటే ఇంట్లో అందరం అన్న మాట ఒక్కటే: "వయసైపోయింది కదా." నేనూ అన్నాను. ఇప్పుడు ఆ మాట వింటేనే కోపం వస్తోంది.

ఆయన ఏదీ మర్చిపోలేదు. పేర్లు, పుట్టినరోజులు, పాత బాకీలు అన్నీ గుర్తే. అందుకే మెదడు జబ్బేమో అన్న అనుమానమే రాలేదు. ఏదైనా అడిగితే జవాబు ఆలస్యంగా వచ్చేది. ఏళ్ల తరబడి ఇంటి లెక్కలు రాసిన మనిషి, ఒక ఫారం ముందేసుకుని ఏ గడి ముందు నింపాలో తేలక పెన్ను పట్టుకుని అలాగే కూర్చునేవారు. అడుగులు చిన్నవయ్యాయి. పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఈడ్చేవారు. పేపరు చదవడం మానేస్తే బద్ధకం అనుకున్నాం.

ఎమ్మారై తీయిస్తే మెదడు లోపల తెల్లటి మచ్చలు. మొదట చూసిన డాక్టరు "ఈ వయసులో మామూలే" అని పంపేశారు. నిజమే, పెద్దవాళ్లలో చాలామందికి కొన్ని మచ్చలు ఉంటాయి. కానీ ఎన్ని ఉన్నాయి, మనిషిలో ఏం మారింది అని అడగాలా వద్దా? రెండో డాక్టరు అడిగారు. నడిపించి చూశారు. సన్న రక్తనాళాల జబ్బు అన్నారు.

శరీరం బరువులో మెదడు 2 శాతమే, కానీ మనం వాడే ఆక్సిజన్‌లో 20 శాతం దానికే కావాలి. దాని లోతుల్లోకి రక్తం మోసే నాళాలు చాలా సన్నవి. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు మందమై బిరుసెక్కుతాయి. షుగరు, పొగతాగడం దానికి తోడు. మెదడులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబురు మోసే నరాల పోగులకు రక్తం చాలదు. అందుకే చాలామందిలో జ్ఞాపకం కంటే ముందు ఆలోచనలో వేగం, పనిని వరసగా చేసే నేర్పు, నడక దెబ్బతింటాయి.

నాన్నకు బీపీ ఉందని మాకు ఎప్పటినుంచో తెలుసు. "తలనొప్పి లేదుగా, మాత్రెందుకు" అని వారంలో సగం రోజులు మానేసేవారు. మేమూ పట్టించుకోలేదు. బీపీకి నొప్పి ఉండదు, ప్రమాదమంతా అక్కడే.

2019లో స్ప్రింట్ మైండ్ అధ్యయనం వచ్చింది. 50 దాటిన 9 వేల మందికి పైగా అందులో ఉన్నారు. పై బీపీ 140 లోపు ఉంచినవాళ్లకంటే 120 లోపు ఉంచడానికి చూసినవాళ్లలో స్వల్పంగా మతి మందగించడం 19 శాతం తక్కువ. డిమెన్షియా (రోజువారీ పనులు కూడా సొంతంగా చేసుకోలేనంతగా మతి దెబ్బతినడం) విషయంలో మాత్రం తేడా గట్టిగా తేలలేదు. అయినా నాకది చిన్న సంగతి కాదు. (అందరికీ 120 సరిపడదు, కళ్లు తిరిగి పడిపోయేవాళ్లూ ఉంటారు. డాక్టరుతోనే తేల్చుకోండి.)

పోయిన పోగులు తిరిగి రావన్నారు. ఉన్నవి కాపాడుకోవాలి. నాకు 47. పోయిన నెల నా బీపీ 148/92 వచ్చింది, మాత్ర మొదలుపెట్టాను. రోజూ పొద్దున నాన్న నా గది గుమ్మం దగ్గర నిలబడి, మాట కూడదీసుకుని, "వేసుకున్నావా?" అని అడుగుతున్నారు.