ఎడమంటే ఎవరికి ఎడమ?

నాటక పరిషత్తు పోటీలైనా, నాట్య పాఠశాల వార్షికోత్సవమైనా, సాయంత్రం వేళ విజయవాడలో ఏదో ఒక ఆడిటోరియం ముందు అరగంట నిలబడి చూడండి. బస్టాండులో దిగి ఆటోలో వచ్చిన పెద్దాయన మెట్లన్నీ ఎక్కి, తాళం వేసిన తలుపు తోసి చూసి, మళ్ళీ దిగుతాడు. కూచిపూడి వేషం కట్టిన పాపను పట్టుకుని ఓ తల్లి మేకప్ గది ఎటని టీ కొట్టు దగ్గర అడుగుతుంది. సెట్టు సామాను వ్యాను గేటుకు అడ్డంగా ఆగిపోతుంది.

క్షేత్రయ్య పేరిట కళాక్షేత్రం, ఘంటసాల పేరిట సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరిది. చూడ్డానికి వచ్చినవాళ్ళకు దారి చూపించే పనిని మాత్రం ఇక్కడ వాచ్‌మన్‌కు వదిలేశాం.

బోర్డులు లేవని కాదు. హాలు కట్టడం పూర్తయ్యాక, ప్రారంభోత్సవానికి ముందు హడావుడిగా తగిలించినవే ఎక్కువ. మేము చూసిన ఒక హాల్లో 'ఎడమ ద్వారం' అని రాసి ఉంది. స్టేజీ మీద నిలబడ్డ నటుడికి ఎడమ అంటే కుర్చీలో కూర్చున్నవాడికి కుడి. అది ఎవరి ఎడమో రాసినవాళ్ళకే తెలియాలి. 'ద్వారం 1', 'ద్వారం 2' అని పెట్టి, టికెట్ మీద అదే అంకె వేస్తే గొడవే లేదు. చదువు రానివాళ్ళు సైతం బస్టాండులో ప్లాట్‌ఫామ్ నంబరు పట్టుకునే కదా బస్సెక్కుతున్నారు!

అక్షరాల సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అన్నది బోర్డులు రాసేవాళ్ళ మోటు లెక్క. అది ఇంగ్లిష్ పెద్దక్షరాలకు సరిపోతుంది. తెలుగులో గుడి పైకి పోతుంది, వత్తు కిందికి దిగుతుంది. ఇంగ్లిష్‌కు వదిలిన జాగాలోనే తెలుగును ఇరికిస్తే అసలు అక్షరం సగానికి కుదించుకుపోయి, వత్తు మసక మరకలా కనిపిస్తుంది. అందుకే మొదట తెలుగుకు కొలత తీసి, ఆ తర్వాతే ఇంగ్లిష్‌కు చోటు చూడాలి. మాటలూ జనం మాటలే కావాలి. 'నిష్క్రమణ' అని ఇంట్లో ఎవరంటారు? 'బయటకు దారి' చాలు.

ఇది సౌకర్యంతో ఆగే విషయం కూడా కాదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో మంటలు రేగి 59 మంది చనిపోయారు. బాల్కనీలో అదనపు సీట్ల కోసం ఒక పక్క నడవాను మూసేశారు. పొగలో జనం దారి దొరక్క చిక్కుకుపోయారు. మూడో బెల్లు మోగి లైట్లు ఆరిపోయాక కూడా బయటకు దారి వెలుగుతూ కనిపించాలి. కరెంటు పోతే బ్యాటరీ మీద వెలగాలి. మెట్ల అంచున మెరిసే పట్టీ ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి ర్యాంపు ఎటో గేటు దగ్గరే తెలియాలి. ఇలాంటి ఏర్పాట్లు ఉండాలనే వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది.

కొత్త హాళ్ళు కడుతున్నవాళ్ళకూ, పాతవాటికి రంగులు వేయిస్తున్నవాళ్ళకూ మేము చెప్పేది ఒక్కటే. బోర్డు ఎక్కడ పెట్టాలో నక్షా చూసి తేల్చకండి. ఆ హాలు మొహం ఎరగని మనిషి చేతికి టికెట్ ఇచ్చి, మాట్లాడకుండా వెనకే నడవండి. ఎక్కడ ఆగి అటూ ఇటూ చూస్తే అక్కడ ఒక బోర్డు. తిరిగి వెళ్ళేటప్పుడూ అంతే, ఎందుకంటే వచ్చిన దారి వెనక్కి తిరిగితే వేరేలా కనిపిస్తుంది.

ఇంత చేసినా, మర్నాడు సన్మానగ్రహీత నిలువెత్తు ఫ్లెక్సీ సరిగ్గా ఆ బోర్డు మీదే కడతారు. హాలు అద్దె పత్రంలో ఒక వాక్యం చేర్చండి: దారి బోర్డును కప్పితే డిపాజిట్ తిరిగి రాదు.